సిరా నిండుగానే ఉంది, చిప్పే ఒప్పుకోవట్లేదు

ఈ వారం ఎపిసోడ్‌కి ఇది రాతరూపం. మైక్ ముందు తొందరలో వదిలేసినవి కొన్ని ఇక్కడ కలిపాను.

విషయం చిన్నదే, ప్రింటర్. ఇక్కడ ఎటోబికోలో, రెక్స్‌డేల్ వైపు బేస్‌మెంట్లలో ఉండే మనవాళ్ళ ఇళ్ళలో చూడండి, ఏ మూలో ఒక పాత ఇంక్‌జెట్ ఉంటుంది. ఊరు మారేవాళ్ళు వదిలేసిందో, చవగ్గా కొన్నదో. ఏడాదికి పదిసార్లు వాడితే గొప్ప. కానీ ఆ పదిసార్లూ అవసరాలు మామూలువి కావు. పాస్‌పోర్టు రెన్యువల్ ఫారం, అఫిడవిట్, అద్దె అగ్రిమెంటు, అమ్మానాన్నల వీసాకి పంపే ఆహ్వాన లేఖ. రేపు పొద్దున అపాయింట్‌మెంట్ పెట్టుకుని రాత్రి పదకొండింటికి ప్రింట్ కొడితే, "కార్ట్రిడ్జ్‌ని గుర్తించలేకపోతున్నాం" అంటుంది. ఆల్బియన్ లైబ్రరీకి వెళ్దామంటే ఆ వేళకి తలుపులు మూసుంటాయి.

సిరా అయిపోయిందేమో, లేక మనమే ఏదో పాడుచేశామేమో అనుకుంటాం. చాలాసార్లు రెండూ కాదు. ఆ ఎర్రర్ అక్కడికి ఎలా వచ్చిందో తెలిస్తే సగం కంగారు తగ్గుతుంది.

1977లో జపాన్‌లో, కేనన్ పరిశోధనశాలలో ఇచిరో ఎండో అనే ఇంజనీరు ఉన్నాడు. సిరా నింపిన సిరంజి సూదికి వేడి సోల్డరింగ్ ఐరన్ తగిలింది. సూది మొన నుంచి సిరా చిమ్మింది. వేడికి లోపల బుడగ పుట్టి సిరాని బయటికి తోసిందన్నమాట. బబుల్ జెట్ అనే పేరు అందులోంచే వచ్చింది. కాస్త అటూ ఇటుగా అదే కాలంలో అమెరికాలో హెచ్‌పీలో జాన్ వాట్ అనే ఆయన కూడా విడిగా ఇదే ఆలోచనకి వచ్చాడు. కాఫీ పర్కొలేటర్ చూసి ఆయనకి తట్టిందంటారు. 1984లో హెచ్‌పీ థింక్‌జెట్ బయటికొచ్చింది, ధర 495 డాలర్లు.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. సిరాని క్షణక్షణం మరిగించి చిమ్మే ఆ చిన్న హెడ్ ఎక్కువకాలం మన్నదు. అందుకని థింక్‌జెట్‌లో హెడ్‌ని కార్ట్రిడ్జ్‌లోనే పెట్టారు. సిరా అయిపోతే రెండూ కలిపి పారేయడమే. అది మోసం కాదు, ఆ రోజుల్లో న్యాయమైన ఇంజనీరింగే. ఎప్సన్ దారి వేరు. అక్కడ హెడ్ ప్రింటర్‌లోనే శాశ్వతంగా ఉంటుంది, కరెంటు తగిలితే వంగే పదార్థంతో సిరాని తోస్తుంది. అలాంటి ప్రింటర్‌లో కార్ట్రిడ్జ్ అంటే ఒట్టి సిరా డబ్బా. డబ్బాని మళ్ళీ నింపుకోవడానికి అడ్డేముంది?

అడ్డం తర్వాత వచ్చింది. ప్రింటర్ చవగ్గా ఇచ్చి, సిరా మీద సంపాదించే వ్యాపారం బాగా కుదిరాక, 1990ల చివరికల్లా కార్ట్రిడ్జ్ మీద చిప్ మొదలైంది. చాలా చిప్పులు సిరాని కొలవవు, ఎన్ని చుక్కలు వాడారో లెక్క రాసుకుంటాయి. లెక్క సున్నాకి వస్తే డబ్బాలో సిరా మిగిలున్నా "ఖాళీ" అంటాయి. పైగా తాము ఏ కంపెనీవాళ్ళమో, ఏ ప్రాంతానివాళ్ళమో కూడా చెబుతాయి.

ఆ ప్రాంతం సంగతి మనవాళ్ళకే ఎక్కువ తగులుతుంది. హైదరాబాద్‌లో సగం ధరకి దొరికిందని సూట్‌కేసులో నాలుగు కార్ట్రిడ్జ్‌లు పెట్టుకొస్తాం. ఇక్కడి ప్రింటర్ వాటిని ముట్టుకోదు. పెట్టె మీద అదే కంపెనీ, అసలు సరుకే, అయినా పనికిరాదు. కొన్ని కంపెనీలు ప్రపంచాన్ని ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి ఒక్కో కోడ్ పెట్టుకున్నాయి. మనుషులకి వీసా ఉన్నట్టే సిరాకీ వీసా అన్నమాట.

2016 సెప్టెంబర్ 13న ఇంకో చిత్రం జరిగింది. వేరే కంపెనీల కార్ట్రిడ్జ్‌లతో చక్కగా పనిచేస్తున్న ఎన్నో హెచ్‌పీ ఆఫీస్‌జెట్‌లు ఒకే రోజు వాటిని తిరస్కరించాయి. ఆ తేదీని అప్‌డేట్‌లో ముందే దాచిపెట్టారు. గోల ఎక్కువై, రెండు వారాల్లోనే కంపెనీ క్షమాపణ చెప్పి, ఆ అడ్డు తీసే అప్‌డేట్ ఇస్తానంది.

మన దేశంలో కథ వేరేగా నడిచింది, నాకు ఇష్టమైన భాగం ఇదే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. సిరంజి, నాలుగు రంగుల సీసాలు, వేళ్ళకి నల్ల మరకలు, అదే రీఫిల్ కుర్రాళ్ళ దుకాణం. ఇంకాస్త ముదిరినవాళ్ళు ప్రింటర్ పక్కన బయట సీసాలు పెట్టి, సన్నటి గొట్టాలతో సిరా లోపలికి పంపేవారు. ఇండోనేషియాలోనూ ఇదే ధోరణి. ఎంత చెప్పినా జనం మానరని ఎప్సన్ గ్రహించి, 2010లో ఇండోనేషియాలో తనే సీసాతో నింపుకునే ట్యాంక్ ప్రింటర్ తెచ్చింది. తర్వాత మన దేశానికొచ్చింది. ఉత్తర అమెరికాకి అదే సరుకు 2015లో గానీ రాలేదు. మామూలుగా కొత్త వస్తువు ఇక్కడ పుట్టి మన దగ్గరికి వస్తుందంటారు కదా, ఇది మన వైపు దుకాణాల మొండితనం లోంచి పుట్టి ఇటు వచ్చింది.

ఇక్కడి పోట్లాట కోర్టుల్లోనూ చట్టాల్లోనూ జరిగింది. అమెరికాలో లెక్స్‌మార్క్ తన టోనర్ చిప్ కోసం 2002లో దావా వేసి, 2004లో అప్పీలు కోర్టులో ఓడిపోయింది. 2017లో అక్కడి సుప్రీంకోర్టు, కార్ట్రిడ్జ్ ఒకసారి అమ్మేశాక దాని మీద కంపెనీ పేటెంట్ హక్కు తీరిపోయినట్టే అంది. కెనడాలో 2012 నాటి కాపీరైట్ సవరణ డిజిటల్ తాళాలు తీయడాన్ని నిషేధించింది. 2024 నవంబర్ 7న సి-244, సి-294 అనే రెండు బిల్లులు చట్టమై, రిపేరు కోసమూ, వేరే పరికరంతో కలిపి పనిచేయించుకోవడం కోసమూ ఆ తాళాలు తీయడానికి మినహాయింపులిచ్చాయి. మంచిదే. అయితే తాళమే పెట్టొద్దని ఏ కంపెనీకీ చెప్పలేదు.

ఇక పదకొండు గంటల రాత్రి సంగతి. ప్రింటర్ ఆపి, కార్ట్రిడ్జ్ తీసి, కొత్తదైతే టేపు పూర్తిగా ఊడిందో లేదో చూడండి. రాగి చుక్కల్ని నూలు రాలని బట్టకి కాస్త డిస్టిల్డ్ వాటర్ తడి చేసి తుడవండి. ప్రింటర్ లోపల వాటికి ఎదురుగా ఉండే పిన్నుల్ని కూడా. సిరా వచ్చే రంధ్రాల జోలికి పోవద్దు. ఆరాక మళ్ళీ పెట్టండి. నలుపు, రంగులు కలిసిన రెండు కార్ట్రిడ్జ్‌ల ప్రింటర్లలో దీనితోనే చాలావరకు సర్దుకుంటుంది. చలికాలం హీటర్ గాలికి సిరా ఎండిపోతుంది కాబట్టి వారానికో రంగు పేజీ తీస్తుండండి, ఫారం లేకపోతే పిల్లల బొమ్మైనా సరే.

అప్పటికీ "గుర్తించలేకపోతున్నాం" అంటే అది మురికి కాదు, చిప్ మాట. పాత ప్రింటర్ కొనేటప్పుడు అందుకే రెండు ప్రశ్నలు అడగండి. కార్ట్రిడ్జ్‌లు ఏ దేశంలో కొన్నారు? ప్రింటర్ నెలసరి సిరా పథకంలో ఉందా? హెచ్‌పీ 2013లో మొదలుపెట్టిన ఇన్‌స్టంట్ ఇంక్ లాంటి వాటిలో చందా ఆపితే, ఆ పథకం కింద వచ్చిన కార్ట్రిడ్జ్ నిండా సిరా ఉన్నా ముద్రించదు. అమ్మేవాళ్ళు ఆ పథకం నుంచి బయటికొచ్చారో లేదో వాళ్ళ ఫోన్‌లోనే చూపించమనండి, డబ్బు చేతిలో పెట్టకముందే.