రంగుల బొంగరం - మన ఊరు అచ్చువేసిన విద్య

బేగం బజార్‌లో బట్ట కొనే ఆడవాళ్లను మేము చిన్నప్పటి నుంచి చూస్తున్నాము. తానును గుమ్మం దాకా తెప్పించి, ఎండలో ఓసారి చూడనిదే బేరం ఒప్పుకోరు. లోపల దీపం కింద నల్లగా ఉన్నది బయటికొస్తే ముదురు నీలమని తేలుతుంది. బట్ట మారలేదు, వెలుతురు మారింది.

ఈ సంగతిని వెయ్యేళ్ల కిందటే శాస్త్రంగా రాసినవారు ఇబ్నుల్ హైసమ్. క్రీ.శ. 965 ప్రాంతంలో బస్రాలో పుట్టి, 1040 ప్రాంతంలో కైరోలో కన్నుమూశారు. కంటి నుంచే కిరణాలు బయల్దేరి వస్తువును తాకుతాయని అంతకుముందు చాలామంది పండితులు నమ్మేవారు. కాదు, వెలుతురూ రంగూ వస్తువు నుంచే కంటికి వస్తాయని ఆయన తన 'కితాబుల్ మనాజిర్' ఏడు భాగాల్లో వాదించారు. రంగురంగుల గీతలున్న బొంగరాన్ని తిప్పితే ఒకటే రంగు కనపడుతుంది. కాబట్టి రంగును గుర్తుపట్టడానికి కంటికి కొంత సమయం కావాలన్నారు. 1850ల్లో మాక్స్‌వెల్ కూడా రంగుల చక్రాలు తిప్పే చూశారు.

అలాగని ఉత్త గొప్పలు వద్దు. చూసే శక్తి కంటి ముందున్న కటకంలో ఉందని ఆయన అనుకున్నారు. అది కంటి వెనుక పొరలో ఉందని తర్వాత తేలింది. అక్కడున్న మూడు రకాల కణాలు పంపే కబురును మెదడు పోల్చుకుంటేనే మనకు రంగు తెలుస్తుంది. టాలెమీనే తప్పుపడుతూ పుస్తకం రాసిన మనిషికి ఈ దిద్దుబాటు అవమానం కాదు.

ఇక మన ఊరి మాట. 1319 ప్రాంతంలో మరణించిన కమాలుద్దీన్ ఫార్సీ ఆ గ్రంథానికి 'తన్‌ఖీహుల్ మనాజిర్' అనే వ్యాఖ్య రాశారు. దాన్ని 1928-30 మధ్య రెండు సంపుటాలుగా అచ్చువేసింది మన హైదరాబాదులో 1888లో పుట్టిన దాయిరతుల్ మఆరిఫ్. 1938లో ఇబ్నుల్ హైసమ్ చిన్న గ్రంథాలను కూడా వేసింది. మూలగ్రంథం మొదటి మూడు భాగాలు అరబ్బీలో కువైట్‌లో వెలువడింది 1983లో! అంతకు యాభై ఏళ్ల ముందే ఈ విద్యకు మన ఊరు అచ్చు కూర్చింది.

అయినా మన పిల్లల్ని అడిగితే న్యూటన్ పేరు చెప్తారు, ఈ పేరు తెలీదంటారు. తప్పు వాళ్లది కాదు, చెప్పని పెద్దలది. పుస్తకం అచ్చయినంత మాత్రాన విద్య బతకదు, ఇంట్లో మాటగా నడవాలి. ఈ సెలవుల్లో ఒక బొంగరానికి ఎరుపు, పచ్చ గీతలు వేసి పిల్లల ముందు తిప్పండి. ఏ రంగు కనపడిందో వాళ్లనే చెప్పనివ్వండి. ఆ పేరు అప్పుడు చెప్పండి.