ఒకసారి రాస్తే చాలన్న మాట: యాప్‌ల చరిత్రలో మన సంఘానికి పాఠం



పోయిన సమావేశంలో సంఘం యాప్ మాట మళ్లీ వచ్చింది. మన హోసూరు ఇళ్లలో పెద్దవాళ్ల చేతిలో ఆండ్రాయిడ్ ఫోన్లు, బెంగళూరులో ఉద్యోగాలు చేసే పిల్లల చేతిలో ఐఫోన్లు. "ఒకసారి రాయిస్తే రెండింటిలోనూ నడుస్తుంది, ఖర్చు సగం" అన్నారు మన కుర్రవాళ్లు. మాకు మాత్రం పాత యాప్ గుర్తొచ్చింది. దాన్ని చేసిచ్చినవాళ్లు రెండేళ్లకే చేతులెత్తేశారు. సభ్యుల పట్టిక అందులోనే చిక్కుకుపోతే, మళ్లీ ఇంటింటికీ తిరిగి పేర్లు రాసుకున్నాం. అందుకే డబ్బు పెట్టేముందు ఈ మాట ఎక్కడ పుట్టిందో, ఎలా నడిచిందో ఒకసారి చూద్దామనుకున్నాం.

మాట పాతదే. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ జావాను తెచ్చినప్పుడు, ఒకసారి రాసింది ఎక్కడైనా నడుస్తుందనే చెప్పింది. 2008లో ఆపిల్, గూగుల్ రెండూ యాప్ దుకాణాలు తెరిచాక ఒకే యాప్‌ను రెండుసార్లు, రెండు భాషల్లో రాయాల్సి వచ్చింది. ఆ బరువు తగ్గించడానికి ఫోన్‌గ్యాప్ వచ్చింది. వెబ్ పేజీని యాప్ తొడుగులో పెట్టి ఇవ్వడం దాని పద్ధతి. చవక, సులువు. కానీ తెర మీద వేలు జరిపితే ఆలస్యంగా కదిలేది. ఫేస్‌బుక్ కూడా కొన్నాళ్లు వెబ్ పేజీల దారిలోనే నడిచింది. దాని మీద అతిగా ఆధారపడటం తమ పెద్ద పొరపాటని 2012లో జుకర్‌బర్గే ఒప్పుకున్నారు.

ఆ ఫేస్‌బుక్కే 2015లో రియాక్ట్ నేటివ్‌ను అందరికీ ఇచ్చింది. ఇందులో రాసేది ఒకసారే అయినా, తెర మీద బటన్లు, అక్షరాలు ఫోన్ సొంతవే. 2018 డిసెంబరులో గూగుల్ ఫ్లట్టర్ మొదటి స్థిర రూపం వచ్చింది. ఇది ఫోన్ బటన్లను వాడుకోదు, తెర మొత్తం తానే గీసుకుంటుంది. కాబట్టి రెండు ఫోన్లలోనూ ఒకేలా కనిపిస్తుంది. బదులుగా యాప్ బరువు పెరుగుతుంది, డార్ట్ అనే భాష తెలిసినవాళ్లు కావాలి.

ఈ తేడా మన తెలుగుకు ఎలా తగులుతుందో చూడండి. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో కలిసి వస్తే చాలు, ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలేవి. తప్పు యాప్‌లది కాదు, ఫోన్‌లో అక్షరాలు పేర్చే భాగానిది. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సరిదిద్దింది. ఫోన్ అక్షరాలనే నమ్ముకుంటే, అక్కడి తప్పు మనకూ వస్తుంది, అక్కడ బాగైతే మనకూ బాగవుతుంది. సొంతంగా గీసుకునే పద్ధతిలో తప్పు వస్తే, మన యాప్‌నే మళ్లీ తయారుచేసి అందరి ఫోన్లకూ పంపాలి. ఆ పని చేసే మనిషి అప్పటికి మనతో ఉండాలి.

పెద్ద సంస్థ వెనకుంటే భయం లేదనుకోవడానికీ లేదు. ఎయిర్‌బీఎన్‌బీ రియాక్ట్ నేటివ్‌ను వాడి, 2018లో వదిలేస్తున్నామని ప్రకటించింది. ఫోన్‌గ్యాప్‌ను కొన్న అడోబీ 2020లో దాన్ని ఆపేసింది. మైక్రోసాఫ్ట్ చేతిలోని జామరిన్‌కు 2024 మేలో మద్దతు ముగిసింది. వాటిని నమ్ముకున్నవాళ్లు మరో దారి వెతుక్కోవాల్సి వచ్చింది.

ఇదంతా చూశాక మాకు తోచింది ఒక్కటే. పని ఎక్కడికీ పోదు, ఒకచోట తగ్గితే ఇంకోచోట పెరుగుతుంది. ప్రకటనలు, సభ్యుల పట్టిక, చందా రసీదులు: మన అవసరాలకు రియాక్ట్ నేటివ్ అయినా ఫ్లట్టర్ అయినా సరిపోతుంది. ఏది వేగమన్నది మనకు పెద్ద ప్రశ్న కాదు. రాసినవాళ్లు వెళ్లిపోతే ఎవరు చూస్తారన్నదే ప్రశ్న.

కాబట్టి మా మాట ఇది. కోడ్, స్టోర్ ఖాతాలు సంఘం పేరు మీదే ఉండాలి. సభ్యుల పట్టిక ప్రతి నెలా విడిగా మన దగ్గరికి రావాలి. ఆ కోడ్ చదవగలిగినవాళ్లు మనలో కనీసం ఇద్దరుండాలి. గూగుల్‌కు మొదట ఒకసారి కట్టే 25 డాలర్లు, ఆపిల్‌కు ఏటా కట్టే 99 డాలర్లు లెక్కలో ముందే రాసుకోవాలి. తెలుగు ఒత్తులు సరిగ్గా పడుతున్నాయో లేదో మన పెద్దవాళ్ల పాత ఫోన్లలోనే చూడాలి. ఇవి కుదరకపోతే, ప్రస్తుతానికి ఫోన్‌లో తెరుచుకునే మామూలు వెబ్‌సైటే మేలు.

ఈ పని తెలిసిన పిల్లలు మీ ఇళ్లలో ఉంటే వచ్చే సమావేశానికి వెంటబెట్టుకు రండి. మేం చెప్పిందాంట్లో తప్పుంటే వాళ్లే సరిదిద్దుతారు.