ఖుష్బూ పోయిన రోజుల తారీఖ్

2020లో వచ్చిన వబా మన ఊపిరితోపాటు మన దస్తర్‌ఖాన్‌నీ తాకింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. సరిగ్గా నెలకి రంజాన్ వచ్చింది. ఆ ఏడాది హైదరాబాద్‌లో హలీం బట్టీలు వెలగలేదు. నమాజులూ ఇఫ్తార్లూ ఇళ్లలోనే.

ఆ రోజుల్లోనే కొందరు మరీజులు ఒక వింత మాట చెప్పేవాళ్లు. జుకామ్ లేదు, ముక్కు మూసుకుపోలేదు, అయినా వాసన రావడం లేదని. చాలామందికి యకీన్ కలగలేదు. అప్పటికి అందరి నోటా ఉన్న అలామత్‌లు జ్వరం, దగ్గు, ఆయాసం.

బ్రిటన్‌లో ముక్కు, చెవి, గొంతు డాక్టర్లు మార్చిలోనే ఈ సంగతి మీద ఖబర్దార్ చెప్పారు. అక్కడి సర్కారు దీన్ని జాబితాలో చేర్చింది మే 18న. మన ఆరోగ్యశాఖ చేర్చింది జూన్ 13న. మన ఈద్ మే 25నే వెళ్లిపోయింది! ఆ ఈద్ నాడు మా ఖాలా షీర్‌ఖుర్మా నోట్లో పెట్టుకుని, "మీఠా తెలుస్తోంది బేటా, ఇలాచీ తెలియట్లేదు" అంది. ఇరుగుపొరుగు వయసు మీద పడిందన్నారు.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నాలుకకి తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, మాంసపు యఖ్నీలో ఉండే ఆ కమ్మదనం. మిగతా జాయెకా చాలావరకు ముక్కుదే. నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసన అది. వైరస్ ముందుగా పట్టుకున్నది వాసన పట్టే నరాల కణాలను కాదు, వాటికి ఆసరాగా నిలిచే కణాలను అని ఆ ఏడాదే పరిశోధకులు చెప్పారు. చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగి రావడానికి అదొక కారణం.

వాసనకీ మెదడుకీ ఉన్న రిష్తా మన హకీములకి కొత్త కాదు. ఇబ్నె సీనా (980–1037) తన 'ఖానూన్'లో ఆ శక్తి మెదడు ముందువైపు చనుమొనల్లాంటి రెండు మొలకల్లో ఉంటుందని రాశాడు.

ఇలాజ్ మాత్రం సాదాసీదాది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ బృందం 2009లో ప్రచురించింది. గులాబ్, నిమ్మ, లవంగం, నీలగిరి. రోజుకి రెండు పూటలా, 12 వారాలు, ఒక్కొక్కటీ మనసుపెట్టి పీల్చాలి. అన్నీ మన అత్తరు దుకాణంలో, మన బావర్చీఖానాలో దొరికేవే. అందరికీ పూర్తి షిఫా రాదు గానీ, కొందరికి మేలు చేసింది.

ఒమిక్రాన్ వచ్చాక ఈ బాధ తగ్గింది. అయినా వాసన ఇంకా తిరిగిరాని వాళ్లున్నారు. గ్యాస్ లీకైనా, పాలు మాడినా వాళ్లకి తెలియదు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా "సాలన్‌లో జాయెకా లేదు" అంటే, అది వండిన బహూ మీద షికాయత్ అనుకోకండి. ఒక లవంగం నలిపి ముక్కు దగ్గర పెట్టి అడగండి. తెలియడం లేదంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.