అరుగు మీది బేరం

బ్యాంకు పనిమీద ఓ మధ్యాహ్నం బరంపురం పెద్దబజారు రద్దీ దాటి దేరా నేతకారుల వీధిలో అడుగుపెట్టాను. నడివూళ్లో ఎంత ప్రశాంతత! అరుగు మీద పట్టుచీరల బేరం, పక్క కొట్టులో వేడి ఇడ్లీ, వినబడేదంతా తెలుగే.

మహురీ రాజు పిలిపిస్తే వీరి పూర్వులు ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చారని పెద్దలు చెబుతారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీయే. వీరు నేసే ఫోడాకుంభ అంచు చీరకు నేడు భౌగోళిక గుర్తింపు ఉంది.

లోను కాగితాల మీద తండ్రి తెలుగులో సంతకం చేశాడు. హామీదారుగా కొడుకు ఒడియాలో చేశాడు. "మాట్లాడతాను గాని, తెలుగు రాయడం రాదండీ" అన్నాడు.

చీరకు గుర్తింపు దక్కింది, మాట మిగిలింది. అక్షరం మాత్రం ఒక్క తరంలో జారిపోయింది. దాన్ని ఇంట్లో నేర్పుకోవలసింది మనమే.