మిరప గింజకి లైసెన్సు ఏదీ?

మా ఆఫీసులో ఏడాదికోసారి ఓపెన్ సోర్స్ లైసెన్సుల మీద ట్రైనింగు ఉంటుంది. ఎవరి కోడ్ వాడుతున్నాం, ఏ షరతు మీద వాడుతున్నాం అని. మొన్న అది వింటుంటే నాకు మిరపకాయలు గుర్తొచ్చాయి. నవ్వకండి, సంబంధం ఉంది.

యూరప్‌లో కొత్త వంగడాలు తయారుచేసే శాస్త్రవేత్తలకి యూకార్పియా అని ఒక సంఘం ఉంది. 1956లో పుట్టింది. మిరప మీద వాళ్ళ మొదటి సమావేశం 1971లో ఇటలీలోని ట్యూరిన్‌లో జరిగింది. 1980లలో వంకాయ కూడా వచ్చి చేరింది. రెండూ ఒకే కుటుంబం మరి. కాకపోతే మిరప అమెరికా ఖండాల పిల్ల, వంకాయ మన ఆసియా పిల్ల. 2010లో వాలెన్సియా, 2013లో మళ్ళీ ట్యూరిన్, 2019లో అవిన్యోన్... ఇలా మూడేళ్ళకోసారి కలుస్తూ వచ్చారు. 1982 నుంచి ట్యూరిన్ విశ్వవిద్యాలయం మిరప మీద ఒక న్యూస్‌లెటర్ కూడా వేసింది. ఎవరికి దొరికిన చిన్న ఫలితం వాళ్ళు అందులో రాసుకునేవారు. మన మెయిలింగ్ లిస్టుల్లాంటిదే అన్నమాట.

ఇందులో మన వాటా ఏంటంటారా? చెప్తాను.

మిరప పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఒక్కో మొగ్గనీ విప్పి, పుప్పొడి తిత్తులు చేత్తో తీసేసి, వేరే మొక్క పుప్పొడి అద్దాలి. బోలెడు కూలి. అసలు పుప్పొడే పనిచెయ్యని తల్లి మొక్క దొరికితే ఆ బాధ తప్పుతుంది. 1958లో పీటర్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త అలాంటి మొక్క దొరికిందని ప్రకటించారు. అది భారతదేశం నుంచి వెళ్ళిన విత్తనం. పేరు లేదు, నంబరే: పీఐ 164835. ఈ పద్ధతిలో తయారయ్యే ఘాటు మిరప హైబ్రిడ్లకి ఎక్కువగా మూలం ఆ తల్లే. అవిన్యోన్ శాస్త్రవేత్తలు వైరస్‌ని తట్టుకునే జన్యువుల కోసం ఏళ్ళ తరబడి పరిశోధించిన 'పెరెన్నియల్' అనే చిన్న మిరప కూడా మన దేశందే.

అప్పట్లో అడిగితే ఇచ్చేవారు. షరతుల్లేవు. ఇక్కడే మన లైసెన్సు గొడవ మొదలు. షరతు లేకుండా ఇచ్చిన కోడ్‌ని ఎవరైనా తీసుకుని తలుపులు మూసెయ్యొచ్చు కదా!

2001లో దేశాలన్నీ కూర్చుని పంటల జన్యు సంపద మీద ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఉమ్మడిగా పంచుకోవాల్సిన పంటలకి ఒక జాబితా పెట్టారు. అందులో వంకాయ ఉంది, మిరప లేదు! ఒకే సమావేశంలో పక్కపక్కన కూర్చునే చుట్టాలకి చెరో చట్టం.

2013లో యూరోపియన్ పేటెంట్ ఆఫీసు పురుగుని తట్టుకునే మిరప మొక్క మీద సింజెంటా కంపెనీకి పేటెంటు ఇచ్చింది. ఆ గుణం వచ్చింది జమైకా అడవి మిరప నుంచి. చాలా సంఘాలు అభ్యంతరం చెప్పాయి. చివరికి 2020 మేలో, ఇంకో మిరప దరఖాస్తు మీద లేచిన వివాదంలో, మామూలు సంకరంతో మాత్రమే పుట్టిన మొక్కకి పేటెంటు కుదరదని ఆ ఆఫీసు పెద్ద బోర్డు తేల్చింది. అయితే 2017 జూలై 1కి ముందు దాఖలైన వాటికి ఇది వర్తించదు. పాత వెర్షన్లకి ప్యాచ్ లేదన్నమాట :)

కంపెనీలకి లాభం వద్దని నేననను. కొత్త వంగడానికి పదేళ్ళు పడుతుంది, జీతాలు ఎవరివ్వాలి? మన 2001 చట్టం కొంత నయం. వంగడం తయారుచేసినవాడికి హక్కిస్తూనే, రైతు విత్తనం దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు అంది. కానీ హైబ్రిడ్ గింజ దాచుకుని ఏం లాభం? మరుసటేడు పంట ఒకే తీరున రాదు. మళ్ళీ కొట్టుకెళ్ళాల్సిందే.

గుంటూరు రైతు డబ్బు పెట్టి కొనే ప్యాకెట్లలో కొన్నిటి వెనక ఆ 164835 ఉండొచ్చు. ఎవరి పెరట్లోంచో, ఎవరి చేలోంచో వెళ్ళిన గింజ. మేం పది లైన్ల కోడ్ తీసుకున్నా పైన రాసినవాడి పేరు ఉంచుతాం. ఆ గింజకి ఆ మాత్రం కూడా దక్కలేదు.