సరిహద్దు దాటిన పార్శిలు: గోదావరి డెల్టా చిన్న అమ్మకందారులు, ఆన్‌లైన్ అంగళ్లపై జీఎస్టీ నిబంధనలు

తాళ్లరేవులో కట్టిన పార్శిలు పక్కనే ఉన్న యానాంలో దిగితే చట్టం దృష్టిలో అది అంతర్రాష్ట్ర సరఫరా. అదే పార్శిలు రాష్ట్రానికి ఆ కొసన ఉన్న హిందూపురం చేరితే రాష్ట్రం లోపలి సరఫరా. గౌతమి ఒడ్డున చుట్టూ ఆంధ్రప్రదేశే ఉన్నా, 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన నుంచి బయటపడిన యానాం నేటికీ పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అక్కడి వ్యాపారి జీఎస్టీ సంఖ్య 34తో మొదలవుతుంది, తాళ్లరేవు వ్యాపారిది 37తో. సరుకు అమ్మేవారికి ఆంధ్రలో ఏడాదికి 40 లక్షల రూపాయల టర్నోవర్ దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పుదుచ్చేరి, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగాయి.

కొనేవాడి మీద పడే పన్ను మాత్రం ఈ గీత వల్ల మారదు. 5 శాతం సరుకు రాష్ట్రంలోనే అమ్ముడైతే కేంద్రానికి, రాష్ట్రానికి చెరి సగం పోతుంది. గీత దాటితే మొత్తం ఐజీఎస్టీ (సమీకృత జీఎస్టీ)గా జమై, కొనుగోలుదారున్న రాష్ట్రానికి దాని వాటా చేరుతుంది. మారేదల్లా అమ్మేవారి నెత్తిన పడే బాధ్యత. కేంద్ర జీఎస్టీ చట్టం 24వ సెక్షను ప్రకారం పన్ను పడే సరుకును పొరుగు రాష్ట్రానికి అమ్మితే, టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తీసుకోవలసిందే. ఆన్‌లైన్ వేదిక ద్వారా సరుకు అమ్మేవారికీ 2017 జులై 1 నుంచి ఇదే కట్టడి పెట్టారు. 20 లక్షల లోపు సేవలకు మాత్రం ఆ ఏడాది అక్టోబరు, నవంబరుల్లోనే మినహాయింపులు వచ్చాయి. రాజమహేంద్రవరంలో కూర్చుని బెంగళూరు పిల్లలకు ఆన్‌లైన్‌లో సంగీతం నేర్పే టీచరుకు ఆ వెసులుబాటు ఉంది. అదే వీధి నుంచి అదే బెంగళూరుకు ఆన్‌లైన్ వేదికపై పచ్చడి సీసా అమ్మే గృహిణికి లేదు. ఇద్దరి రాబడీ ఒకటే అయినా వారిలో ఒకరికే ఈ బరువు ఎందుకో సమర్థించడం కష్టం.

సరుకు అమ్మేవారికి ఊరట ఆరేళ్లకు వచ్చింది. 2023 అక్టోబరు 1 నుంచి పరిమితి లోపు చిన్న అమ్మకందారు రిజిస్ట్రేషన్ లేకుండానే ఆన్‌లైన్ వేదికపై అమ్ముకోవచ్చు. పాన్ ఉండాలి, జీఎస్టీ పోర్టల్‌లో చిరునామా నమోదు చేసి ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకోవాలి, ఒకే రాష్ట్రం నుంచి అమ్మాలి, సరుకు ఆ రాష్ట్రం దాటకూడదు. దాటనివ్వకుండా చూసే బాధ్యతను వేదికకే అప్పగించారు. టర్నోవర్‌పై నిర్ణీత శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉన్నవారికీ అదే రోజున తలుపు తెరిచారు, అదీ రాష్ట్రం లోపలి అమ్మకాలకే. వేదికల వ్యాపారమంతా దేశవ్యాప్త గిరాకీ మీద నడుస్తుంటే, మినహాయింపు మాత్రం జిల్లా సంతకు సరిపోయే కొలతతో వచ్చింది.

దీని బరువు తెలియాలంటే నర్సాపురం వెళ్లాలి. పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక ఇక్కడి ఊళ్లలో వేలాది స్త్రీల ఇంటిపనైంది. దారం ఇచ్చేది, అల్లిన ముక్కలు పోగుచేసేది ఏజెంటు. విదేశాలకు పంపేది ఎగుమతిదారు. జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ ఈ స్త్రీలపై రాసిన పుస్తకం 1982లో వెలువడింది. ప్రపంచ మార్కెట్ కోసం శ్రమిస్తున్న వీరిని ఖాళీ వేళల్లో అల్లుకునే గృహిణులుగా లెక్కగట్టడం వల్లే కూలి అంత తక్కువగా నిలిచిందని ఆమె నిరూపించారు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇప్పుడు అల్లే మనిషి ఏజెంటును దాటి తానే అమ్ముకోవాలంటే ఉన్న దగ్గరి దారి ఆన్‌లైన్ వేదికే. ఆ దారిలో మొదటి ఆర్డరు చెన్నై నుంచి వస్తే చాలు, రిజిస్ట్రేషన్, రిటర్నులు, అకౌంటెంటు ఫీజు వచ్చి పడతాయి. అమ్మకం లేకపోయినా సున్నా రిటర్ను తప్పదు. జీఎస్టీ నంబరున్న వ్యాపారికే ముక్కలు ఇచ్చేయడం సుఖమనిపిస్తుంది. ఏజెంటు స్థానం పదిలంగా ఉండిపోతుంది.

హస్తకళలకు వేరే మినహాయింపు ఉంది కదా అనవచ్చు. చేతితో చేసిన వస్తువులను 20 లక్షల లోపు పొరుగు రాష్ట్రాలకు అమ్మేవారికి పాన్, ఈ-వే బిల్లు షరతులతో 2017లో ఆ వెసులుబాటు ఇచ్చి, 2018 అక్టోబరు 22 నోటిఫికేషన్‌తో మళ్లీ ఖరారు చేశారు. కానీ అందులో ఆన్‌లైన్ వేదిక ఊసు లేదు. ఆ ఊసున్న 2023 నోటిఫికేషనేమో రాష్ట్రం దాటనివ్వదు. లేసు అల్లే స్త్రీ ఈ రెండింటి సందులో చిక్కుకుంది.

ఆత్రేయపురం పూతరేకులది ఇంకో చిక్కు. వాటి సహజమైన మార్కెట్ హైదరాబాద్. 2014 జూన్ 2 దాకా అది సొంత రాష్ట్రమే, ఇప్పుడు పొరుగు రాష్ట్రం. త్వరగా చేరవేయడానికి డబ్బాలను హైదరాబాద్‌లోని వేదిక గోదాములో ఉంచితే తెలంగాణలో మరో రిజిస్ట్రేషన్ కావాలి. ఆత్రేయపురం నుంచి ఆ గోదాముకు తరలించిన సరుకు ఇంకా అమ్ముడుపోకపోయినా, పన్ను లెక్కలో అది సరఫరాయే. కడియం నర్సరీలకు ఈ బాధ లేదు. మొక్కలపై పన్నే లేదు కాబట్టి అవి మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మొక్కతో పాటు ప్లాస్టిక్ కుండీ కూడా అమ్మితే లెక్క మారిపోతుంది.

రిజిస్ట్రేషన్ తీసుకున్నాకా ఒక కోత ఉంది. 2018 అక్టోబరు నుంచి వేదికలు అమ్మకం సొమ్ములో 1 శాతం పట్టుకుని ప్రభుత్వానికి కడుతూ వచ్చాయి. 2024 జులై 10 నుంచి అది అర శాతమైంది. అంటే పదివేల అమ్మకానికి యాభై రూపాయలు. ఆ సొమ్ము అమ్మకందారు ఖాతాకే జమవుతుంది గనుక ఇది నష్టం కాదు. ఈ అర శాతం కన్నా కాగితాల పనే చిన్నవారిని ఎక్కువ కుంగదీస్తోంది.

అమెరికాలో ఈ బరువును వేరే చోట పెట్టారు. 2018 జూన్ 21న సౌత్ డకోటా రాష్ట్రానికీ ఆన్‌లైన్ వ్యాపార సంస్థ వేఫెయిర్‌కూ మధ్య నడిచిన కేసులో అక్కడి సుప్రీంకోర్టు, తమ దగ్గర దుకాణం లేని బయటి అమ్మకందారుతో కూడా రాష్ట్రాలు పన్ను వసూలు చేయించవచ్చని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత రాష్ట్రస్థాయి అమ్మకం పన్ను ఉన్న 45 రాష్ట్రాలూ, వేదిక ద్వారా జరిగే అమ్మకాలపై పన్ను వసూలు చేసి కట్టే బాధ్యతను వేదికకే అప్పగించాయి. న్యూజెర్సీలోని తెలుగింటికి వేదిక ద్వారా చేరే లేసు టేబుల్‌క్లాత్‌పై పన్ను లెక్క నర్సాపురంలో వేయనక్కర్లేదు. కానీ ఇక్కడి నుంచి పంపడానికి మాత్రం రిజిస్ట్రేషన్ కావాలి. ఎగుమతిపై పన్ను సున్నాయే అయినా చట్టం దాన్ని అంతర్రాష్ట్ర సరఫరాగానే చూస్తుంది. దానికి తోడు 800 డాలర్ల లోపు పార్శిళ్లకున్న సుంకం మినహాయింపును అమెరికా 2025 ఆగస్టు 29న ఎత్తేసింది. దాంతో చిన్న పార్శిలు లాభం మరింత సన్నగిల్లింది.

వేదికే పన్ను కట్టే పద్ధతి మనకూ కొత్త కాదు. 2022 జనవరి 1 నుంచి ఆహార యాప్‌ల ద్వారా వెళ్లే రెస్టారెంటు భోజనంపై పన్నును ఆ యాప్‌లే కడుతున్నాయి. అయితే దానికి ఆధారమైన 9(5) సెక్షను సేవలకే పరిమితం. చిన్నవారి సరుకులకూ దాన్ని విస్తరించాలంటే చట్టం సవరించాలి. చేతిపని వస్తువులకైతే అంత దూరం వెళ్లనక్కర్లేదు, 2018 నోటిఫికేషన్‌లో ఆన్‌లైన్ అమ్మకాలను చేరుస్తూ ఒక్క వాక్యం రాస్తే చాలు. 2025 సెప్టెంబరు 3న సమావేశమైన జీఎస్టీ కౌన్సిల్, వేదికల ద్వారా పలు రాష్ట్రాలకు అమ్మే చిన్నవారికి సరళమైన రిజిస్ట్రేషన్ ఉండాలన్న ఆలోచనను సూత్రప్రాయంగా ఒప్పుకుంది. రాష్ట్రానికో వ్యాపార చిరునామా చూపించాల్సిన ఇబ్బంది గురించి పుట్టిన ఆలోచన అది. ఆత్రేయపురం వారికి అది అక్కరకొస్తుంది. ఒకే గదిలో కూర్చుని అల్లి, ఒకే తపాలా కార్యాలయం నుంచి పంపే నర్సాపురం స్త్రీకి కావలసింది మాత్రం రెండో చిరునామా కాదు, తొలి రిజిస్ట్రేషన్ నుంచే మినహాయింపు. వివరమైన నియమాలు రాసేటప్పుడు ఈ రెండు అవసరాలనూ విడివిడిగా చూడాలి.