గవాక్షి నుండి పొగగొట్టమునకు

గోరంట్ల, పెనుకొండ ప్రాంతపు పాత మట్టిమిద్దెలలో వంటయింటి కప్పుకు ఒక రంధ్రముండును. దానిని గవాక్షి అందురు. వెలుతురు వచ్చుటకు, పొగ పోవుటకు అదియే దారి. వాన కురిసినపుడు దానిని మూయవలెను. మూసినచో పొగ ఇంటనే నిలుచును. వంట చేయు తల్లియు, ఆమె ఒడిలోని బిడ్డయు దానిని పీల్చవలసినదే.

ఈ చిక్కును హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాల అధిపతి డా. ఎస్. పి. రాజు పట్టించుకొనెను. పొగ లేని మట్టిపొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకము ప్రకటించెను. అంతకు ముందే, 1947 ప్రాంతమున, వార్ధాలో మగన్ పొయ్యి వెలసినది. రాజుగారి పొయ్యిలో ఒక్క మంట వేడి వరుసగా పాత్రలను తాకి, తుదకు గొట్టమున పైకి పోవును.

గొట్టము పొగను లాగునని మనమందుము. నిజమునకు లాగునది లేదు, నెట్టునదే కలదు. గాలి 300 కెల్విన్ల నుండి 600 కెల్విన్లకు వేడెక్కినచో దాని సాంద్రత సగమగును. బరువైన బయటి గాలి పొయ్యినోట చొచ్చి, ఆ తేలిక గాలిని పైకి నెట్టును. గొట్టము పగిలినచో చల్లగాలి ఆ పగులునుండి దూరి లోపలి వేడిని తగ్గించును; పొగ వంటయింటికి మరలును. మసి పేరుకొన్నను అంతే. గొట్టము మిద్దెను చీల్చుకొని పోవుచోట మట్టి వదులైనచో వాననీరు కూడ దిగును.

1980 దశకమున కేంద్ర ప్రభుత్వము దేశమంతట ఇట్టి మెరుగు పొయ్యిలను కట్టించెను. పగిలిన గొట్టములను బాగుచేయువారు లేక అనేకము మూలబడెను. 2002లో ఆ పథకము ముగిసెను. కట్టినవారు వెడలిపోయిరి, మసి దులుపు పని మాత్రము ఇల్లాలికి మిగిలెను.